సెక్టర్ ఆరులో సముద్రం

వానాకాలం మొదలైతే మా వంటింట్లో తుప్పు వాసన వస్తుంది. ఊరగాయ జాడీలు పెట్టుకునే పాత ఇనుప స్టాండు ఒకటుంది మాకు. ఎన్నిసార్లు గీకించి రంగు వేయించినా, గాలిలో తడి తగలగానే దాని అతుకుల్లోంచి ఎర్రటి నీరు ఊరుతుంది. ఆ తుప్పు వాసన అడుగున మరో వాసన ఉంటుంది, ఎండిన ఉప్పుదీ పాచిదీ. సముద్రానికి ఇంత దూరాన ఉన్న భిలాయిలో ఇదెక్కడి వాసన అని చుట్టాలు అడుగుతారు. పారేయమంటే వినరని నా భార్య విసుక్కుంటుంది. నా చిన్నప్పుడు ఆ స్టాండు మీద సముద్రం ఉండేది.

తొంభైల మొదట్లో మేము సెక్టర్ ఆరులో కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్ళం. నాన్న ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. సైరన్ మోగితే వీధి వీధంతా సైకిళ్ళతో నిండిపోయేది. డ్యూటీ దిగినవాళ్ళ చొక్కాల నుంచి కాలిన బొగ్గు వాసన, పక్కింటి మలయాళీ వాళ్ళ కొబ్బరినూనె వాసన, వెనక వీధి ఛత్తీస్‌గఢీ వాళ్ళు పోలా పండగకి వేయించే ఠేఠరీ, ఖుర్మీ పిండివంటల వాసన అన్నీ కలిసి సాయంత్రమయ్యేది. మా మామ్మ ఉప్పుచేప వేయించిన రోజున మాత్రం అటూ ఇటూ కిటికీలు మూసుకునేవారు. ఏడుపెంకుల పిట్టూ ఆడుతున్న మా పిల్లలకి ఆ కిటికీల చప్పుడే అన్నానికి పిలుపు. భీమిలి పక్కనుంచి వచ్చిన కుటుంబం మాది. సముద్రం గురించి మాకు తెలిసినంత ఈ వీధిలో ఎవరికీ తెలియదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. తర్వాత జరిగినదంతా ఆ నమ్మకం వల్లే జరిగింది.

నాన్న తమ్ముడు సింహాచలం బాబాయి డిగ్రీ మధ్యలో వదిలేసి, విశాఖలో రంగు చేపలమ్మే ఒకాయన వెనక కొన్నాళ్ళు తిరిగి, ఆ పిచ్చితోనే మా ఇంటికి వచ్చాడు. పవర్ హౌస్ బజారులో గోల్డ్ ఫిష్ అమ్మేవాళ్ళు ఉన్నారు గాని, సముద్రపు చేపలు బతికించి చూపించినవాడు ఈ చుట్టుపక్కల లేడని, ఆ పని తాను చేస్తే కొట్టు పెట్టుకోవచ్చని అతని ఆశ. నాన్న వెంటనే కాదనలేదు. పవర్ హౌస్‌లో అద్దాల దుకాణం షేఠ్ నాన్నకి బాగా తెలుసు. "ముందు ఇంట్లో బతికించి సూపించు. బతికితే షేఠ్‌తో సెప్పి ఆడి కొట్టు ముందర జాగా ఇప్పిస్తాను. సస్తే మరి మాటాడకుండా ప్లాంటు ఠేకేదారు కాడ కూలిపనికెళ్ళు" అన్నాడు. బాబాయి సరేనన్నాడు. ఆ గాజుతొట్టి మీద అతని బతుకు ఆధారపడిందని పిల్లలమైన మాకు కూడా తెలుసు.

నాన్న ఇనుప యాంగిల్ ముక్కలతో స్టాండు చేయించాడు, షేఠ్ దగ్గర అద్దాలు కోయించాడు. బాబాయి భీమిలి వెళ్ళి, ప్లాస్టిక్ డబ్బాల నిండా సముద్రపు నీరు, గోనెసంచిలో ఇసుక, రాళ్ళ మధ్య మడుగుల్లో పట్టిన చిన్న చేపలు రైల్లో తెచ్చాడు. పసుపు ఒంటి మీద నల్లచారల చేపలు. దారి పొడుగునా సైకిల్ పంపుతో వాటికి గాలి కొడుతూ, కారిన డబ్బా వల్ల తడిసిపోయిన ఎవరిదో అటుకుల మూటకి తిట్లు తింటూ వచ్చాడట.

మొదటిసారి మేం చేయని తప్పు లేదు. ఆ డబ్బాలు అంతకుముందు కిరసనాయిలు పోసినవి. ఇసుక మురికిగా ఉందని అమ్మ సబ్బుపొడి వేసి శుభ్రంగా కడిగింది. మామ్మ గంగమ్మ తల్లి ఇంటికొచ్చిందని నీళ్ళలో పసుపు, కుంకుమ, ఒక రాగి పైసా వేసి దణ్ణం పెట్టుకుంది. నీళ్ళు పోసిన మర్నాడే బాబాయి తొందరపడి చేపలన్నీ ఒకేసారి వదిలాడు. మేము మురమురాలు, బూందీ, చివరికి జామపండు ముక్కలు కూడా వేశాం. అన్నీ చచ్చి తేలాయి. కంపు వదలడానికి అమ్మ వారం రోజులు సాంబ్రాణి వేసింది. నాన్న నవ్వాడు గాని, "సరే, ఇంకోసారి సూడు" అన్నాడు. అప్పటికి మా నాన్న ఇంకా మంచి అన్నగారే.

రెండోసారి బాబాయి మనిషే మారిపోయాడు. కొత్త డబ్బాలు కొని మళ్ళీ భీమిలి వెళ్ళొచ్చాడు. నీళ్ళూ ఇసుకా రాళ్ళూ పెట్టి, గాలిపంపు ఒక్కటే నడుపుతూ, చేపలు లేని తొట్టి ముందు నెలకి పైగా కూర్చున్నాడు. "నీరు పండాలి" అనేవాడు, చేపలు బతకగల నీరుగా మారాలని. వీధి వీధంతా వచ్చి ఖాళీ తొట్టి చూసి నవ్విపోయేది. పాలు పోసే భయ్యా దగ్గర లాక్టోమీటరు అడిగి తెచ్చాడు. పాలల్లో నీళ్ళెన్ని కలిపారో చూసే గాజుపుల్ల అది. భీమిలి నీళ్ళలో అది ఎంతవరకు మునిగిందో అక్కడ ఎర్రదారం కట్టాడు. నీరు ఉప్పెక్కితే పుల్ల పైకి లేస్తుంది, చప్పబడితే కిందికి దిగుతుంది. దారం నీటిమట్టం దగ్గరే ఉండాలి, అంతే.

"ఏట్రా, సముద్రంలో పాలెన్ని, నీళ్ళెన్ని?" అని నాన్న రోజూ డ్యూటీ నుంచి రాగానే అడిగేవాడు.

"మహరాజ్, మేరా దూధ్ ఇస్‌సే అచ్ఛా హై" అని, తన పాలే దీనికంటే నయమని, పాల భయ్యా గుమ్మం దగ్గర నిలబడి అనేవాడు.

నీరు పండాక భీమిలి నుంచి మళ్ళీ తెచ్చిన చేపల్ని ఈసారి డబ్బాల్లోంచి ఒకటొకటిగా, రోజులు ఆగి ఆగి వదిలాడు. బతికాయి. ఆ చలికాలం మా ఇల్లు తిరునాళ్ళలా ఉండేది. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడని వెనక వీధి ముసలమ్మలు వచ్చి, చారల చేపలు రాళ్ళ సందుల్లోంచి తొంగిచూస్తుంటే చేతులు జోడించేవారు. ఒక చుక్క నాలిక మీద వేయమని అడిగేవారు. బాబాయి చెంచాతో వేసేవాడు. "సచ్చీ మే ఖారా హై దాయీ!" అని, నిజంగానే ఉప్పగా ఉందని ఒకరికొకరు చెప్పుకుని వెళ్ళేవారు. మామ్మ ప్రతి శుక్రవారం స్టాండుకి బొట్టు పెట్టి అగరొత్తి వెలిగించేది. బాబాయి మొహం అంత వెలుగుగా నేను తర్వాతెప్పుడూ చూడలేదు.

ఎండాకాలం వచ్చింది. భిలాయి ఎండలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కిటికీలో కూలరు రాత్రింబవళ్ళు హోరుమనేది, అందులోని ఖస్ వట్టివేళ్ళ వాసన మంచాల మీదంతా పరుచుకునేది. తొట్టిలో నీరు వేళ్ళకొద్దీ తగ్గిపోయేది. అద్దం అంచున తెల్లగా ఉప్పు పేరుకునేది. ఎర్రదారం నీటి మీదికి లేచింది. బాబాయి వరండాలో ఒక బకెట్టు కుళాయి నీళ్ళు పట్టి, క్లోరిన్ వాసన పోవడానికి ఎండలో ఉంచి, అవి తొట్టిలో పోయబోయాడు. నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటిరా ఇది? సముద్రంలో కుళాయి నీళ్ళా?"

"అన్నియ్యా, ఆవిరైపోయింది నీరే. ఉప్పు ఎక్కడికీ పోలేదు, అందులోనే ఉంది. మంచినీళ్ళే పొయ్యాల."

"ఒరే, నువ్వు పుట్టకముందే నాను భీమిలి కెరటాల్లో ఈదినాను. సముద్రానికి మంచినీళ్ళు పోసీవోడిని నిన్నే సూసినాన్రా."

మామ్మకి ఇంకో బాధ. "గంగమ్మ తల్లిరా అది. కుళాయి నీళ్ళు పోస్తే మైలపడిపోదేటి?" అంది. బొట్టు పెట్టిన తొట్టి అది. బాబాయి బకెట్టు వరండాలోనే ఉండిపోయింది. అమ్మ ఆ నీళ్ళతో గిన్నెలు తోముకుంది. మూలన మిగిలి ఉన్న సముద్రపు నీటి డబ్బాల్లోంచి కొంచెం కొంచెంగా నాన్నే పోస్తూ వచ్చాడు. దారం ఇంకా లేచింది.

ఒక ఆదివారం షేఠ్ చూడడానికి వస్తానన్నాడు. చేపల్ని చూస్తే జాగా ఖాయం. శనివారం సాయంత్రం బాబాయి తొట్టి పైన బిగించడానికి ట్యూబులైటు తేవాలని పవర్ హౌస్ వెళ్ళాడు. నాన్న తొట్టి ముందు నిలబడి, "ఇలగ వెలితిగా ఉంటే షేఠ్ ముందర ఏటి బాగుంటాది?" అన్నాడు. తమ్ముడి పని జరగాలనే ఆయన ఆరాటం. ఆ సంగతి కూడా ఉన్నదున్నట్టు రాయాలి. డబ్బాలు అప్పటికే ఖాళీ. వంటింట్లోంచి కళ్ళుప్పు జాడీ తెప్పించి, బకెట్టు నీళ్ళలో గుప్పెళ్ళతో వేశాడు. నన్ను కర్రతో కలపమన్నాడు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఇంకో గుప్పెడు వేశాడు. మళ్ళీ రుచి చూసి కళ్ళు మూసుకున్నాడు. "ఇదీ మన భీమిలి" అన్నాడు. మామ్మ కూడా రుచి చూసి, అదేనంది. ఎన్నో ఏళ్ళుగా ఊరికి దూరంగా ఉన్న ఇద్దరి నాలికలు కలిసి ఒక సముద్రం తయారుచేశాయి. తొట్టి అంచుల దాకా నింపారు. గాజుపుల్ల ఎన్నడూ లేనంత ఎత్తుకి లేచి పక్కకి ఒరిగింది.

బాబాయి వచ్చి చూశాడు. ట్యూబులైటు మంచం మీద పెట్టి, చెంబు తీసుకుని పై నీరు తోడడం మొదలుపెట్టాడు. "ఇంతసేపు కష్టపడి నింపితే ఏటా పని? నోరు మూసుకుని తిని పడుకో" అని నాన్న చెంబు లాక్కున్నాడు. అన్నగారి ఇంట్లో, అన్నగారి తిండి తింటున్నవాడు. పడుకున్నాడు.

షేఠ్ వచ్చేసరికి చేపలు కొన్ని పైకి తేలాయి, మిగతావి రాళ్ళ మీద పక్కకి పడి దవడలు ఆడిస్తున్నాయి. వీధివాళ్ళు గుమ్మం నిండా ఉన్నారు. షేఠ్ నీళ్ళలో వేలు ముంచి నాలికకి రాసుకుని ఉమ్మేసి, "అరే, మఛలీ కా అచార్ బనా దియా క్యా?" అన్నాడు. చేపల ఊరగాయ పెట్టేశారా అని. అందరూ నాన్న వైపు చూశారు. నాన్న బాబాయి వైపు చెయ్యి చూపించాడు. "ఇస్‌నే నమక్ డాల్ దియా షేఠ్‌జీ. పాగల్ హై" అన్నాడు, ఉప్పు వేసిన పిచ్చోడు వీడేనని.

బాబాయి నాన్నని చూశాడు. అమ్మని చూశాడు. తర్వాత, ఉప్పు కలిపిన కర్ర ఇంకా వరండాలో ఆనించే ఉంది, దాని పక్కన నిలబడిన నన్ను చూశాడు. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. కాస్సేపటికి బాబాయి కూడా నవ్వాడు.

ఆ రోజు నుంచి అతని పేరు అచార్. వీధిలో అచార్ భయ్యా, మాకు అచార్ బాబాయి. ఠేకేదారు కింద, కొలిమి చిట్టెం పోసే స్లాగు దిబ్బల దగ్గర పనికి కుదిరాడు. పెళ్ళయ్యాక భిలాయి పక్కన ఉతైలో చిన్న ఇల్లు వేసుకున్నాడు. ఏ పండగకి కలిసినా ఎవరో ఒకరు ఉప్పు కథ ఎత్తేవారు. నాన్న పోయాక ఆ కథ చెప్పే బాధ్యత నాది. నేను నాన్నకంటే బాగా చెప్పేవాడిని. నా కథలో గుప్పెళ్ళు బస్తా అయ్యాయి. చచ్చిన చేపల్ని మామ్మ దండెం మీద ఎండబెట్టింది. బాబాయి మూల కుర్చీలో కూర్చుని, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వేవాడు.

నిరుడు బాబాయి పెద్దకర్మకి ఉతై వెళ్ళాం. భోజనాల దగ్గర బంధువులు అడిగారు, నేను చెప్పాను. చావు ఇంట్లో నాలుగు నవ్వులు మంచివేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిన్ని వడ్డిస్తూ నా విస్తరి దగ్గర ఆగింది.

"మీరు సెప్తుంటే మీ బాబాయి నవ్వీవోరు బాబూ. ఇంటికొచ్చి అన్నం తినీవోరు కాదు" అని, అన్నం పెట్టి ముందుకి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళ తర్వాత ఒకరోజు నా భార్య ఊళ్ళో లేకపోతే చింతపండు పులుసు నేనే పెట్టి, పొయ్యి మీద మర్చిపోయాను. సగానికి ఇగిరిపోయింది. మా దగ్గరే ఉంటున్న అమ్మ రుచి చూసి మొహం ముడుచుకుంది. "ఉప్పు కషాయమైపోనాది. గళాసుడు నీళ్ళు పొయ్యి" అంది. గ్లాసు చేతిలో పట్టుకుని నేను కదలకపోతే, నా వైపు చూడకుండా అంది: "ఆడూ అదే మొత్తుకున్నాడు కదరా."

"నీకు అప్పుడే తెలుసా?"

"పులుసు పెట్టీదానికి తెల్దేటి? మీ నాన్న మాట మీద నానేటి సెప్తాను."

ఆ ఇంట్లో రోజూ పులుసు ఇగిరేది, రోజూ అమ్మ మంచినీళ్ళే పోసేది. పక్క గదిలో, నాలుగడుగుల అవతల, మేము సముద్రానికి ఉప్పు పోశాం.

ఇప్పుడు సెక్టర్ ఆరులో మా వీధిలో పాతవాళ్ళు లేరు. సైరన్‌కి సైకిళ్ళు కదలవు. పిట్టూ ఆడే పిల్లలు లేరు, ఉప్పుచేప వాసనకి మూసుకునే కిటికీలు లేవు, ఠేఠరీ పంపించే ఇల్లు లేదు. షేఠ్ కొట్టు ఉన్నచోట మొబైళ్ళు అమ్ముతున్నారు. అన్నీ పోయి ఆ ఎగతాళి పేరు ఒక్కటి మిగిలింది. పెద్దకర్మ రోజున దండ వేసిన ఫోటో కింద పేరు కూడబలుక్కుని చదివి, మా అబ్బాయి నన్ను అడిగాడు, "పాపా, యే సింహాచలం కౌన్ హై?" అని. వాడికి తెలిసిన మనిషి అచార్ తాతయ్య.

వాడికి తెలుగు చదవడం అంతంతమాత్రం. ఇది నేనే చదివి వినిపిస్తాను. ఆయన పేరు సింహాచలం. ఉప్పు కలిపింది మా నాన్న, మీ సొంత తాతయ్య, కర్ర తిప్పింది నేను. సింహాచలం తాతయ్య పొయ్యమన్నది ఒక బకెట్టు మంచినీళ్ళు.