ఉడుతకు పరిచిన నూలు

మొన్న మా మనవరాలు కర్నూలులో ఏదో అంగట్లో అరచేతిలో పట్టే ఎలుకల్లాంటివి రెండు కొనుక్కొచ్చింది. హ్యామ్‌స్టర్లట. తిరగడానికి చక్రం, తాగడానికి సీసా, పడుకోవడానికి సంచీ నిండా మెత్తటి దూది పోగులు, అన్నీ అంగడివాళ్లే ఇచ్చారు. వైభోగమంటే వాటిదే. నేను కళ్లద్దాలు సవరించుకుని చూసి, "చక్రం ఉంచు, సీసా ఉంచు, ఆ పోగులు మాత్రం ఇప్పుడే పారెయ్" అన్నాను. ముసలిదానికి చాదస్తం ముదిరిందని అది మూతి ముడుచుకుంది. చాదస్తమే, కాదనను. కానీ అది నాకు ఊరికే రాలేదు.

యాభైల్లో మాట. నాకు తొమ్మిదేళ్లు. కోడుమూరులో మాది మగ్గాల ఇల్లు. నడిమింట్లో గుంట మగ్గం, దాని మీద నాయన, పక్కనే రాట్నం ముందు కండెలు చుడుతూ జేజి, అంటే నాయనను కన్నతల్లి. ఒక ఎండాకాలం గాలికి వేపచెట్టు మీది గూడు రాలి, కళ్లు తెరవని ఉడుత పిల్ల మా గడప ముందు పడింది. కాకి కంటే ముందు నేను చూశాను. "బతకదు లేమ్మా" అన్నాడు నాయన. అంతే, జేజికి పంతం వచ్చింది. ఎవరైనా కాదంటేనే ఆమెకు పని మీద మనసు పుట్టేది. "బతకదని చెప్పేదానికి నువ్వెవరప్పా? పోయి మ్యాక పాలు తే" అని కొడుకునే తరిమింది.

మా ఇంట్లో గడియారం లేదు. పది కండెలు చుడితే ఉడుతకు పాలవేళ. పాలలో నీళ్లు కలిపి, గోరువెచ్చగా చేసి, దీపపు ఒత్తి ముంచి నోటికందించేది జేజి. తాగాక తడిగుడ్డతో పొట్ట కింద తుడిచేది. తల్లి నాకినట్టు తుడవకపోతే పిల్లకు ఒంటేలు రాదని ఆమెకెవరు చెప్పారో తెలియదు. పక్క వేసే పని నాది. ఇంకొకరింట్లో అయితే పాతగుడ్డ వేసేవాళ్లు. మా ఇంట్లో పూర్తిగా చినిగేదాకా ఏ గుడ్డా పాతదయ్యేది కాదు. మగ్గం కింద రాలిన చిక్కు నూలంతా ఏరి, బుట్టలో గూడులా పరిచి, వీధిలో పిల్లలందరినీ పిలిచి చూపించాను. జేజి కూడా మెచ్చుకుంది.

పది రోజులకు అది కళ్లు తెరిచింది. మరో నాలుగు రోజులకు, ఒక మధ్యాహ్నం, పాలకోసం చేతిలోకి తీస్తే కీచుమని అరిచింది. వెనక కాలికి నూలుపోగు చుట్టుకుని, పాదం ఉబ్బి నల్లబడింది. నేను కత్తెరకు పరుగెత్తాను. "తెంపొద్దు" అంది జేజి. మా ఇళ్లలో చిక్కును తెంపితే తిన్న కంచాన్ని తన్నినట్టే. ఎంత చిక్కయినా కొస వెతికి విప్పాల్సిందే. "చిక్కు యాడ మొదలైందో చూడల్ల పాపా, అంతే. ఇన్నేండ్లు విప్పినదాన్ని, ఇది విప్పలేనా" అని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూడు చుట్లు వచ్చాయి. నాలుగోది చర్మంలోకి దిగిపోయింది. నాయన మగ్గం ఆపి చూస్తున్నాడు. గడపలో ఎండ వాకిట్లోకి జరిగింది. కొస ఇక గోటికి అందదని తేలాక గాని, "కత్తెర తే" అనలేదు.

పోగు తెగింది, ఉడుత బతికింది. పాదం మాత్రం వారానికి ఎండి రాలిపోయింది. "పనికిరాని పోగు కోసరం దాని కాలు పోగొడితినే" అని జేజి పసుపు అద్దుతూ ఏడ్చింది. పరిచింది నేను గనక నేనూ ఏడ్చాను. మర్నాడే ఆమె పెట్టెలోంచి నాయన మొట్టమొదట నేసిన చీర తీసి, ముక్కలుగా కత్తిరించి, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా అంచులు మడిచి కుట్టి, బుట్టలో పరిచింది. ఆ ఉడుత మూడు కాళ్లతోనే దూలాలెక్కి, జొన్నగింజలు తిని, అందరినీ తిట్టినట్టు అరుస్తూ మూడేళ్లు మా ఇంటిని ఏలింది.

మనవరాలికి ఇదంతా చెప్పలేదు. లోపలికెళ్లి నా నేత చీర ఒకటి తెచ్చి కత్తెర పట్టుకున్నాను.

"మంచి చీర కదా అవ్వా" అంది.

"మంచిదే" అన్నాను, కత్తిరిస్తూనే. జేజి ఒక్క మధ్యాహ్నమే ఆలస్యం చేసింది. ఆ మధ్యాహ్నం ఇన్నేళ్లయినా నాకింకా అయిపోలేదు.