మా తోడల్లుడుగారి ఇనుప డేరా

మొదటి షిఫ్టువారి సైకిళ్ళన్నీ ఉక్కు ప్లాంటు వైపు వెళ్ళిపోయి రోడ్డు నెమ్మదించిన వేళ, సెక్టర్ 2లో మా అబ్బాయి క్వార్టరు ముందు కూర్చొని నేను పేపరు చదువుతున్నాను. మా తోడల్లుడుగారి పక్కింటాయన స్కూటరు ఆపి, దిగకుండానే, "మాస్టర్‌జీ, ఆప్ కే సాఢూ భాయీ నహీ రహే" అన్నాడు. మా తోడల్లుడుగారు ఇక లేరు అని. నిద్రలోనే పోయారట. గుండె. చదువుతున్న వాక్యాన్ని చివరిదాకా చదివి గాని నేను పేపరు మడవలేదు. అది అలవాటే తప్ప మరొకటి కాదు. ఆ వాక్యం దేని గురించో ఇప్పుడు చెప్పలేను.

నేను సెక్టర్ 7 చేరేసరికి వారి ముందుగది ప్లాంటు మనుషులతో నిండి ఉంది. ఆ మగవారందరి మధ్య, ఆయన తల దగ్గర, మా అత్తగారు కూర్చొని ఉన్నారు. చాటు లేదు, తెర లేదు. ఇది చదివేవారికి ఇందులో వింత ఏమీ తోచకపోవచ్చు. మా కుటుంబాన్ని ఎరిగినవారికి మాత్రం అది చిన్న సంగతి కాదు. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆయన నా భార్య చెల్లెలి భర్త. ప్లాంటులో ఇనుప చట్రాలు తయారుచేసే ఫాబ్రికేషన్ షాపులో వెల్డరు. శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టి, పని వెదుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సెక్టర్ 7లో ఎవరి గేటు కిర్రుమన్నా, ఎవరూ అడగకుండానే నూనెడబ్బాతో వెళ్ళి నాలుగు చుక్కలు వేసి వచ్చేవారు. ఆయన భాషతో నేను ఏళ్ళ తరబడి పోరాడి ఓడిపోయాను. ఆయన వాక్యంలో కర్త శ్రీకాకుళం నుండి, కర్మ హిందీ నుండి, క్రియ ప్లాంటు నుండి వచ్చేవి. "మేస్టారూ, మీ తలుపు కబ్జా వెల్డ్ చేసీసినాను, ఇంక ఫికర్ లేదు" అనేవారు. తలుపు మడతబందు అతికించానని, ఇక చింత లేదని. ఇందులో తెలుగు ఎక్కడున్నదని నేను నిలదీస్తే, "మేస్టారూ అన్నాను కదండీ, అదొక్కటీ తెలుగే" అని నవ్వేవారు. అది కూడా ఇంగ్లీషు నుండి వచ్చినదేనని చెప్పడానికి నాకెన్నడూ మనసొప్పలేదు.

వేసవిలో ప్లాంటువారు ప్రయాణానికి సెలవిస్తే మనవాళ్ళందరూ విజయనగరం వైపు రైలెక్కుతారు. ఆయన మాత్రం కొండలకు పోయేవారు. కులూ, కుమావూఁ, గఢ్వాల్. హోటలులో దిగేవారు కారు. సొంత డేరా వేసికొని, సొంత స్టవ్వు వెలిగించుకొని, ఉన్నన్నాళ్ళూ ఆరుబయట ఉండి వచ్చేవారు. ఎందుకీ అవస్థ అని అడిగితే ఒకటే సమాధానం: "ఏడాదంతా నిప్పుల కాడ నిలబడతాను మేస్టారూ. కొన్నాళ్ళు చల్లగా పడుకోనివ్వండి." కొండదారిలో ఇనుప వంతెన కనబడితే బండి ఆపించి, దిగి, గోటితో తట్టి చూసేవారు. క్రింద నది ఎంత గంభీరంగా పారుతున్నా ఆయనకు పట్టేది కాదు. "మన ఇనుమేనేటో" అని మళ్ళీ బండెక్కేవారు.

మా అత్తగారు ఆయన ఇంట్లోనే ఉండేవారు. బదరీనాథ్ తీసికొని వెళతానని మామగారు మాట ఇచ్చి, ఆ మాట తీర్చకుండానే పోయారు. ఆ కోరిక ఆమె వద్ద మిగిలిపోయింది. వెళ్ళడానికి అడ్డం మడి. తాను స్నానం చేసి, తాను నీళ్ళు పట్టి, తాను వండుకొన్నది తప్ప ఆమె ముట్టరు. సత్రాలలో అది సాగదు. ఇక రెండవది, అల్లుళ్ళ ఎదుటపడి మాట్లాడకపోవడం. మా ఇళ్ళలో పాతతరం స్త్రీల పద్ధతి అది. ఆమె తలుపు చాటున నిలబడి కూతురితో అంటారు. కూతురు మాతో అంటుంది. ఆమె మాట మా చెవిన పడినా, కూతురు అందించేదాకా మేము విననట్లే. పెళ్ళయిన నాటినుండి అత్తగారి గొంతు, కొంగు తప్ప నేను ఎక్కువగా ఎరుగను.

ఒక ఆదివారం వారింట్లో భోజనం చేస్తున్నాము. తలుపు చాటునుండి అత్తగారు, "ఇంక నాకు బదరీ ఎక్కడిదే? సత్రంలో ఎవరి చేతి నీళ్ళో తాగనా?" అన్నారు.

ఆయన కంచం ముందునుండి తల ఎత్తకుండా, "సత్రమెందుకు? ఇల్లే పట్టుకెళ్దాం" అన్నారు.

"ఏటంటున్నారే మీ ఆయన?"

"ఇల్లు పట్టుకెళ్తారటమ్మా" అంది మా మరదలు.

"ముందు భోంచెయ్యమను."

ఆయన భోంచేసి లేచి, బజారుకు వెళ్ళి ఇనుప గొట్టాలు బేరమాడి వచ్చారు. కొన్ని వారాలపాటు వారి పెరటిలో అదే పని. పవర్ హౌస్ బజారులో దర్జీ టార్పాలిన్ కుట్టాడు. డేరాకు రెండు గదులు. ముందుది మాకు. వెనుకది అత్తగారి మడిగది. దానికి వేరే వాకిలి. నడుమ నేలదాకా జారే మందపాటి తెర. "తలుపు లేకపోతే ఆవిడికి మాట రాదు కదా మేస్టారూ. అందికే తలుపు కూడా పట్టుకెళ్తన్నాం" అన్నారు. ఏ గొట్టం దేనిలో దూరాలో తెలిసేందుకు, తమ షాపులో చేసినట్లే, ప్రతిదాని మీదా సుద్దముక్కతో అంకె వేశారు.

మెటాడోర్ వ్యాను ఒకటి కుదుర్చుకొని, అత్తగారు, మా మరదలు, ఆయన, నేను బయలుదేరాము. నా భార్య మోకాళ్ళ నొప్పులవల్ల రాలేదు. వ్యాను నడిపినవాడు దుర్గ్ దగ్గరి పల్లెకు చెందిన మనిషి. పైకప్పు మీదికి గొట్టాలు ఎక్కిస్తూ, "బాబూ, యే తంబూ హే కి కారఖానా?" అన్నాడు. డేరాయా, ఫ్యాక్టరీయా అని. "నీకు రెండూ సూపిస్తాను, ఎక్కించు" అన్నారు ఆయన.

హృషీకేశ్ దాటి చాలా దూరం వరకు అంతా సక్రమంగా జరిగింది. సాయంకాలం నది ఒడ్డున బండి ఆగేది. ఆయన అంకెలు చూస్తూ గొట్టాలు బిగించేవారు. అత్తగారు ప్రొద్దున్నే మునిగి, బిందె నింపుకొని, మడిగదిలో వండుకొని తినేవారు. తెర వెనుకనుండి, "బాగుందని చెప్పవే" అని ఒకసారి వినబడింది. ఆ మాట మా మరదలు అందించేలోపే ఆయన ముఖం వెలిగింది.

జోషీమఠ్ దాటిన తరువాత వాన పట్టుకొంది. ముందు ఎక్కడో కొండచరియ విరిగి దారి మూసుకొన్నది. బండ్లన్నీ రోడ్డు ప్రక్కన ఉన్న గడ్డిమైదానంలో నిలిచిపోయాయి. డేరా వేద్దామని గొట్టాలు దింపితే అంకెలు లేవు. సుద్ద కొట్టుకొనిపోయింది. షాపులో వాన కురవదు. వాన సంగతి ఆయనకు తట్టనే లేదు. రోజూ అంకెలు చూసి బిగించిన మనిషికి ఏది ఎక్కడిదో జ్ఞాపకం లేదు. వానలో తడుస్తూ, ఒకదాని బదులు మరొకటి దూరుస్తూ ఎలాగో నిలబెట్టారు. ఒక ప్రక్క ఎత్తు, ఒక ప్రక్క పల్లం. నడుమ తెర మోకాటి ఎత్తున ఆగిపోయింది. అత్తగారు నిలబడితే పాదాలు కనబడుతున్నాయి. కూర్చుంటే మనిషే కనబడుతున్నారు. ఆమె టార్పాలిన్ గోడ వైపు తిరిగి కూర్చొన్నారు. మా మరదలికి ఆ చలికి జ్వరం వచ్చి, మూసిన కన్ను తెరవలేదు. ఇక మాట అందించేవారు లేరు.

మరునాడు అత్తగారు మైదానం ప్రక్కన పారే ఏటివద్దకు వెళ్ళారు. మోకాళ్ళదాకా దిగేసరికి కాళ్ళు కొంకర్లు పోయి, రాతి మీద కూలబడి, తిరిగి వచ్చేశారు. నేనూ వెళ్ళి ఆ నీటిలో వ్రేలు ముంచి చూశాను, అంతకుమించి ముంచలేదు. నీళ్ళు కాచుకోవచ్చు కదా అని మేము పరస్పరం గట్టిగా అనుకొన్నాము, తెర అవతలికి వినబడేటట్లు. "గంగ ఒడ్డున కూచుని వేణ్ణీళ్ళు పోసుకుంటానా?" అని ఆమె టార్పాలిన్‌తో అన్నారు. శక్తి లేనివారు నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకొన్నా స్నానమేనని పెద్దలన్నారని నేను తోడల్లుడుగారికి బోధించాను, అదే గొంతుతో. టార్పాలిన్ వైపునుండి సమాధానం: "తినడానికి చాలుతుంది. పొయ్యి ముట్టుకోడానికి చాలదు."

ఆ పూట గడిచింది. మరుసటి రోజూ అంతే. తెచ్చిన పండ్లు అయిపోయాయి. ప్రక్క బండివారు పాలు ఇస్తే తల అడ్డంగా ఊపారు. కూర్చోవడం మాని ప్రక్కకు ఒరిగి పడుకొన్నారు. వ్యాను మనిషి వచ్చి, "దాయీ కుఛు నఇ ఖాయ్ హే, బాబూ. వాపస్ చలీ" అన్నాడు. ముసలమ్మ ఏమీ తినలేదు, వెనుకకు పోదాము అని. నాకూ అదే సరియనిపించింది. ఆ వయసు మనిషి, ఆ చలి, ఖాళీ కడుపు. ఏమైనా జరిగితే నా భార్యకు ఏమని చెప్పను? జ్వరంలోనే మా మరదలు, "అమ్మా, వెళ్ళిపోదామే" అంది. అత్తగారు టార్పాలిన్ గోడ వైపే చూస్తూ, "వెళ్తే మళ్ళీ వస్తానా?" అన్నారు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

తెల్లవారాక మా తోడల్లుడుగారు నా వద్దకు వచ్చి, "మేస్టారూ, ఒక పంచె ఇస్తారేటి? నేను అన్నీ పేంట్లే తెచ్చీసినాను" అన్నారు. ఇచ్చాను. స్వెట్టరు, టోపీ విప్పి రాతి మీద పెట్టి, ఇత్తడి బిందె పట్టుకొని ఏటిలోకి నడిచారు. తల మునిగేదాకా మునిగారు. లేచినప్పుడు ఆయన గొంతులోనుండి వెలువడిన ధ్వనికి ప్రక్క బండ్లవారు తలుపులు తెరిచి చూశారు. తడిపంచెతో, నిండు బిందెతో, ఎవరికీ తగలకుండా నడిచి వచ్చి తెర ముందు నిలబడ్డారు.

అప్పుడు చిక్కు వచ్చింది. చెప్పేదెవరు? ఆయన నా వైపు చూసి, "అత్తయ్యగారితో చెప్పండి మేస్టారూ" అన్నారు. "నేనూ అల్లుణ్ణే కదయ్యా" అన్నాను. మా మరదలు నిద్రపోతున్నది. ఆయన వణుకుతూ తెరతోనే మొదలుపెట్టారు.

"అత్తయ్యగారూ, మునిగి వచ్చినాను. తడిబట్టే. నీళ్ళు నేనే పట్టినాను, ఎవర్నీ ముట్టలేదు. మీరు నాలుగు చుక్కలు చల్లుకోండి. పొయ్యి నేను వెలిగిస్తాను. నా చేత్తో పెడితే తింటారా?"

ఆయన పళ్ళు కొట్టుకొంటున్న చప్పుడు డేరా అంతా వినబడుతున్నది. తరువాత తెర వెనుకనుండి మాట వచ్చింది.

"కేంటీన్లో గుడ్లు తినే చెయ్యి కాదూ అది?"

"ఆ చేతినే ఇప్పుడు గంగలో ముంచీసినాను అత్తయ్యగారూ. దానికి తెలివి వచ్చిందో లేదో గాని, స్పర్శ పోయింది."

ఆ తరువాత, మోకాటి ఎత్తున ఆగిపోయిన ఆ తెర క్రిందనుండి ఒక ముడతల చెయ్యి స్టవ్వును మెల్లగా ఇవతలికి నెట్టింది.

ఆయన బియ్యం, పెసరపప్పు కలిపి పులగం ఎక్కించారు. ఉక్కును ఎంత వేడిచేస్తే వంగుతుందో తెలిసిన మనిషికి, బియ్యానికి ఎన్ని నీళ్ళో తెలియదు. తెర అవతలినుండి అత్తగారు గిన్నెను చూడకుండా ఉండలేకపోయారు. మొదట మాటలన్నీ స్టవ్వుకు వెళ్ళాయి. "నీళ్ళు చాలవు." "మంట తగ్గాలి." ఆ ఎత్తులో అన్నం ఎంతకూ ఉడకదు, ఆయన పంచె ఒంటిమీదనే బిర్రబిగుస్తున్నది. చివరకు, "ఉప్పు వెయ్యలేదు నాయనా" అన్నారు. ఆయన గరిటె ఆపి నా వైపు చూశారు. నేను విననట్లు ఉన్నాను.

అడుగు మాడి, పైన పలుకుగా మిగిలిన ఆ పులగాన్ని అత్తగారు తిన్నారు. రెండవసారి కూడా పెట్టించుకొన్నారు. పొడిబట్ట కడితే మడి పోతుందని, ఆమె చెయ్యి కడుగుకొనేదాకా ఆయన తడిపంచెతోనే నిలబడ్డారు. అప్పుడు ఆమె లేచి, తెరను రెండు చేతులా పైకెత్తి, గొట్టానికి చుట్టి, కొసను బిగించి దోపారు. "ఇంక బట్ట మార్చుకో. జ్వరం వస్తే నీకు వండేవాళ్ళెవరు?" అన్నారు.

దారి తెరిచారు. ఆమె బదరీ చూశారు. కాస్త ఓపిక రాగానే మళ్ళీ తన స్నానం తాను చేసి, తన వంట తాను వండుకొన్నారు. ఆయనను స్టవ్వు దగ్గరకు రానివ్వలేదు. నాతో మాట్లాడవలసి వస్తే ఇప్పటికీ తలుపు చాటుననే నిలబడతారు. అందుకు నాకు లోటేమీ లేదు.

తిరుగుదారిలో కూడా డేరా రోజూ అలాగే వంకరగా నిలబడేది. నడుమ తెర చుట్టినది చుట్టినట్లే ఉండేది. సాయంకాలం అత్తగారు వెనుక గదిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చొనేవారు. ఆయన ముందు గదిలో కాళ్ళు చాపుకొని, గొట్టాలలో ఏది ఎక్కడ తప్పిందో ఆమెకు వివరించేవారు. ఆమెకు అర్థమయ్యేది కాదు. "అయితే ఆ గొట్టం ఇక్కడిది కాదూ?" అని అడిగేవారు. "కాదండి, అదీ అక్కడిది కాదు" అనేవారు ఆయన. వారిద్దరి నడుమ ఉన్న ఖాళీలోనుండి, వెనుక వాకిలి గుండా, ఎదుటి కొండ మీది మంచు ఎర్రబడి, నీలమై, చీకటిలో కలిసేదాకా కనబడుతూ ఉండేది.