క్యాసెట్ అయిపోయిన చోట

మా చిన్నప్పుడు... పెరంబూరు రైల్వే క్వార్టర్స్ మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన, సాయంత్రమైతే కోర్టు కూడేది. కేసు ఎప్పుడూ ఒకటే... ఆ ఇంగ్లీషు రాక్ బ్యాండులో గొప్పోడు గిటారాయనా, డ్రమ్ములాయనా? బ్యాండు పేరు చెప్పను. చెబితే కామెంట్లలో మళ్లీ యుద్ధం మొదలవుతుంది, నేనూ ఊరుకోను.

నాది గిటారు పార్టీ. పార్టీ ఏమిటి, నాయకుణ్ణే నేను. ఎందుకంటే ఆ ఆల్బమ్ క్యాసెట్ క్వార్టర్స్ మొత్తం మీద మా ఇంట్లోనే ఉండేది. వినాలంటే ఎవరైనా నా దగ్గరికి రావాల్సిందే. పన్నెండేళ్లవాడికి అంతకంటే పెద్ద పదవి ఏం కావాలి చెప్పండి...

అది కంపెనీ క్యాసెట్ కాదు. అప్పట్లో ఖాళీ క్యాసెట్ తీసుకెళ్లి రికార్డింగ్ షాపులో ఇస్తే, మనం అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. నేను బయల్దేరుతుంటే అమ్మ ఆపింది.

"నాయనా, మొదట నాకు రెండు స్వామి పాటలు ఎక్కించమను. నీ డమడమా అంతా ఆయన ఎనకాల రానీ."

అలా మా రాక్ ఆల్బమ్ గోవిందా గోవిందా అంటూ మొదలయ్యేది. ఎవరైనా వస్తున్నారంటే నేను గబగబా ఆ రెండు పాటలూ దాటించి పెట్టుకునేవాణ్ణి.

ఆఖరి పాటలో గిటారు పైకి పోయి, పోయి... టక్కున ఆగిపోయేది. అంతే. ఆ ఆగిపోవడం మీద నేనిచ్చిన ఉపన్యాసాలు అన్నీ ఇన్నీ కావు.

"గొప్పోడంటే అట్ట ఆపాల. చెప్పాల్సింది అయిపోయినాక ఒక్క చుక్క ఎక్కువ వాయించడు" అనేవాణ్ణి. అందరూ తలూపేవాళ్లు. కిందింటి డెరిక్ వాళ్లు ఆంగ్లో ఇండియన్లు, ఇంట్లో మాట్లాడేదే ఇంగ్లీషు... వాడు కూడా తలూపేవాడు.

ఊపనిది ఒక్క గిరిజక్కే. మా పెద్దమ్మ కూతురు. తిరువొత్తియూరు నుంచి సెలవులకు వచ్చింది.

"ఆడ ఆగదురా. దాని తరవాత గిటారు తప్పుకోని డ్రమ్ము ఒక్కటే వస్తాది. మీ నాయన వర్క్‌షాపులో సుత్తులన్నీ ఒక్కసారి పడినట్టుంటాది. నేను ఇన్నాను."

"యాడ ఇన్నావు?"

"మా క్లాసు పిల్ల వాళ్లన్న షిప్పులో పని చేస్తాడు. ఆయన తెచ్చిన క్యాసెట్లో, ఒకతూరి."

"ఒకతూరేనా! యాడ, ఆ క్యాసెట్టు చూపించు."

"ఆయన దాన్ని తీసుకోని మళ్లా షిప్పెక్కేసినాడు కదా..."

మిద్దె అంతా గొల్లుమంది. "సుమ్మా ఉడాన్స్ ఇడవబాకక్కా" అన్నాను. సుమ్మా అంటే ఊరికే, ఉడాన్స్ అంటే మా మద్రాసు భాషలో కోతలు. ఆ రోజు నుంచి ఆమె ఉడాన్సక్క అయిపోయింది. మెట్ల మీద తల కనబడితే చాలు, ఎవడో ఒకడు నీళ్ల ట్యాంకు మీద దరువేసి "అక్కా, ఇదేనా?" అనేవాడు. కొన్నాళ్లు తనూ పోట్లాడింది. తర్వాత మిద్దెక్కడం మానేసి, అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉండిపోయింది. నేను దాన్ని గెలుపనుకున్నాను.

సెలవులు అయిపోవస్తుండగా డెరిక్ వాళ్ల నాన్న మార్టిన్ అంకుల్ ఎవరి దగ్గర్నుంచో పాత రికార్డ్ ప్లేయరూ, ఒక పెట్టెడు రికార్డులూ తెచ్చారు. అందులో మా ఆల్బమ్! ఆదివారం మధ్యాహ్నం అందరినీ పిలిచారు. ఇల్లంతా కొబ్బరిపాలతో వండిన పసుపన్నం వాసన... అమ్మ పంపిన మురుకుల గిన్నె పట్టుకుని గిరిజక్క కూడా వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడింది.

ఆఖరి పాట వచ్చింది. గిటారు పైకి పోయింది. నేను చెయ్యెత్తి, "ఇప్పుడు చూడండి, ఆగుతాది" అన్నాను.

ఆగలేదు.

ఇంకాస్త పోయి, మెల్లగా తప్పుకుంది. అప్పుడు మొదలయ్యాయి డ్రమ్ములు... ఒంటిగా, ఎంతసేపో. గుమ్మం వైపు చూశాను. గిరిజక్క కళ్లు మూసుకుని తలుపు చెక్క మీద వేళ్లతో వాయిస్తోంది. ఎక్కడా తప్పడం లేదు. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది... దాన్ని ఎప్పుడు దించాలో నాకు తెలియలేదు.

అమ్మ పాటలు రెండూ ముందు పట్టేసరికి వెనకాల టేపు చాల్లేదు. అంతే సంగతి. నేను ఏడాది పొడుగునా పొగిడింది గిటారాయన గొప్పతనాన్ని కాదు, టేపు అయిపోవడాన్ని.

అక్క "చూశావా?" అని ఒక్క మాటన్నా బాగుండేది. పాట అయ్యాక లోపలికొచ్చి, "అంకుల్, ఇంకోతూరి పెడతారా?" అని మాత్రం అడిగింది. నేను ఖాళీ గిన్నె ఇచ్చొస్తానన్న వంకతో ఇంటికి పారిపోయాను. పోయి, అంతా నీ పాటల వల్లేనని అమ్మ మీద అరిచాను. అది తలుచుకుంటే ఇంకా సిగ్గు.

ఇప్పుడు ఆ పాట నా ఫోన్లో పూర్తిగా ఉంది. అయినా గిటారు పైకి పోతుంటే నా తల దానంతటదే కిందికి వంగిపోతుంది...

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఒక ఫ్యాన్ గ్రూపులో ఎవరో పెద్దాయన, ఆ గిటారాయన ఒక కచేరీలో ఇదే పాటను గిటారు పక్కన పెట్టి ఉత్త గొంతుతో పాడాడని, తాను అక్కడే ఉండి విన్నానని రాశారు. నేను వెంటనే "లింక్ ఉందా సార్?" అని కొట్టాను. దాని కింద నవ్వు బొమ్మలు వరస కట్టాయి. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

ఆ బొమ్మలు చూస్తుంటే నాకు నీళ్ల ట్యాంకు మీద దరువు వినబడింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు... యాభై దాటినా నేను ఆ మిద్దె దిగలేదన్నమాట. ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

గిరిజక్కకు ఫోన్ చేసి చెప్పాను. పెద్దగా నవ్వింది. "ముందు ఆయన ఎట్ట పాడినాడో అడగరా" అంది. క్షమించమని రాసి, అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

ఆ రోజుల్లో మన దగ్గర సగం పాటలే ఉండేవి... మిగతా సగం ఎవరో ఒకరు నోటితో చెబితే తెలిసేది. ఇప్పుడు పాటలన్నీ పూర్తిగా ఉన్నాయి, చెప్పేవాళ్లే నోరు మూసుకుంటున్నారు.

మీరు కూడా ఎప్పుడో ఎక్కడో ఒక్కసారే విని, తర్వాత ఎంత వెతికినా దొరకని పాట ఉంటే, అది ఎలా ఉండేదో కింద రాయండి...

లింకు అడగను.