పదకొండో బెల్లు

పంక్చరుకని తెచ్చిన సైకిలైనా సరే, మేస్త్రి మొదట బ్రేకుల దగ్గరే చతికిలబడతాడు. రబ్బరును పట్టి ఉంచే ఇనప డొప్ప మూసిన వైపు ముందుకుందో లేదో బొటనవేలితో తడుముతాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. “టైరులో గాలి పోతే బ్రేకుల నాడి చూస్తావేంటి మేస్త్రీ!” అని జనం విసుక్కుంటారు. “ఆఁ, అయిపోయింది,” అంటాడు తలెత్తకుండానే. పదేళ్ల కిందట, కబుర్లలో పడి ఆ డొప్పను తిరగేసి బిగించాడు. సైకిలు సొంత తమ్ముడిది, దానికున్నది ఆ ఒక్క బ్రేకే. గట్టిగా నొక్కేసరికి రబ్బరు కాస్తా జారిపోయింది. ఆగకుండా బెల్లు కొడుతూ తమ్ముడు కొట్టు ముందరి వాలులో దూసుకొస్తుంటే, వీడి వేషాలు మనకు తెలియనివా అనుకుని, మేస్త్రి నవ్వుతూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. వాలు చివర లారీ ఉంది.

ఇప్పుడతని సరదా అల్లా పాత బెల్లులే. తుప్పు వదిలించి, చుక్క నూనె వేసి, కొట్టు ముందు తీగకు వరసగా బిగిస్తాడు. బేరం లేని మధ్యాహ్నాలు ఒక్కోటీ మోగించి చెవి ఒగ్గి వింటాడు. పదకొండోదాన్ని మాత్రం తుడిచి ఊరుకుంటాడు. నిన్న సైకిలు బాగుచేయించుకోవడానికి వచ్చిన టీచరమ్మ, ఊసుపోక దాని మీట నొక్కింది. అంతే, మేస్త్రి చేతిలో పానా పారేసి రోడ్డు మధ్యకు పరుగెత్తాడు. రెండు చేతులూ బార్లా చాచి వాలుకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఏమైందయ్యా? ఎవరూ రావట్లేదుగా!” అందావిడ.

నిజమే, ఎవరూ రావట్లేదు. ఆ మోత పూర్తిగా అణిగేదాకా అతను చేతులు దించలేదు.