మిట్ట రాగానే జీపు దిగిపోయాను

మా అబ్బాయి రెడ్డెప్ప మదనపల్లెలో కొత్త జీపు కొన్నాడండీ! నాలుగు చక్రాలూ లాగే బండి. ఈ రోజు మా ఆవిడను, నన్ను అందులో ఎక్కించుకుని సోమల దగ్గర గుట్ట మీదున్న మా మామిడితోటకు తీసుకుపోయాడు. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఆ తోట చూసి ఏళ్ళయింది. తన చేత్తో నాటిన చెట్లను ఇక చూడలేనేమోనని ఒకటే దిగులు పడేది.

గుట్ట మొదట్లోనే నిటారు మిట్ట, దారంతా పెద్ద పెద్ద రాతి గుండ్లు. జీపు అక్కడ కాస్త ఆగగానే నేను తలుపు తీసి దిగిపోయాను. ఎద్దుల బండి తోలిన నాటి అలవాటు. మిట్ట వస్తే దిగి ఎద్దులకు బరువు తగ్గించాలి కదా! పైగా చక్రం వెనక రాయి కూడా పెట్టాను.

"యాల దిగినావు నాయనా?" అన్నాడు మావాడు.

"పాపం, దానికి బరువు కదప్పా!"

లోపల మా ఆవిడ పడీపడీ నవ్వింది. "నువ్వు దిగితే దిగు. నేను మాత్రం ఈడనే కూసోనుంటా!"

రాయి తీశాను. అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! ఆ బండి గుండ్ల మీద ఉడుములా పాకుతూ ఆమెను నేరుగా తోటలోకి చేర్చింది. నేను కిందే నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

రొప్పుతూ పైకి చేరేసరికి ఆమె తన చెట్టును నిమురుతూ ఉంది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. "ఇంత సేపా నీకు? నేనెప్పుడో వచ్చేస్తి!"

నేను పోయి జీపు ముందు భాగం నిమిరాను. మిట్టెక్కిన ఎద్దు వీపులాగే వెచ్చగా ఉంది.

మీ ఇళ్ళల్లో కూడా నాలాగా దిగిపోయిన పెద్దలుంటే చెప్పండి, నాకు తోడుంటారు!