గడప మీది నీలి గీత

పాత సర్వే పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి, ఎక్కడ ఏ చెరువు ఉండేదో గీసి చూపించడం నా ఉద్యోగం. నేను గీసింది అందరూ శ్రద్ధగా చూస్తారు, ఒక్కరూ నమ్మరు. చెల్లెల్ని కదా, మా అన్న అయితే చూడడు కూడా.

రేణిగుంట దగ్గర ఒక లేఅవుట్‌లో స్థలం కొన్నాడు. జన్మంతా కూడబెట్టింది అక్కడే పోశాడు. తెల్లదొరల నాటి పటం తెచ్చి ముందు పెట్టాను. చెరువు అంచు చూపించే నీలి గీత సరిగ్గా ఆ స్థలం మీదుగా పోతోంది. అది చుక్కల గీత. ఏడాది పొడుగునా నీళ్లు నిలవని చెరువుకు అట్లాగే గీస్తారు. మన సీమ చెరువులన్నీ అంతే కదా! లేఅవుట్ వేసిన మేధావి మాత్రం, చుక్కలంటే గీసినవాడికే అనుమానం అన్నమాట, అని తేల్చేశాడు. పైగా మే నెలలో వచ్చి కొలిచాడు. పెళ్లికొడుకు ఊళ్లో లేనప్పుడు పెళ్లిచూపులకు పోయినట్టు.

"దొరల కాలంలో వానలు పడినాయి. ఇప్పుడు యాడ పడతాండాయి? నువ్వూ నీ చుక్కలూ!" అన్నాడు అన్న. ఇంత చదివి ఇదా తెలివి అని నాకు ఒళ్లు మండింది. వదిన ఆ చుక్కల మీద ఒకసారి వేలు ఆనించి, పటం మడిచి నా చేతికిచ్చింది. ఇల్లు లేచింది.

కార్తీకంలో తుఫాను పట్టింది. చెరువు నిండింది. నిండినప్పుడు నీళ్లు ఆగిన అంచున గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి హారతివ్వడం అక్కడి ఆడవాళ్ల ఆనవాయితీ. చాన్నాళ్లకు ఆ అవకాశం వచ్చింది. పళ్లేలు పట్టుకుని, అంచు వెతుక్కుంటూ వచ్చి మా అన్న వాకిట్లో ఆగారు. పెరటి వైపు నుంచి వంటింట్లోకి దూరిన నీళ్లు ముందు గడప దాకా వచ్చి నిలిచాయి మరి. గడపకు పసుపు పూసి టెంకాయ కొట్టారు. లోపల లుంగీ ఎగగట్టి నిలబడ్డ అన్నతో ఒక ముసలామె భక్తిగా అంది:

"మొక్కుకో అప్పా, గంగమ్మ నీ ఇంటికే వచ్చుండాది."

అన్న చేతులు జోడించాడు. సాయానికని వచ్చిన నేను పగలబడి నవ్వాను. అంతలో, తడిసిన బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని మంచమెక్కి కూర్చున్న వదిన కనబడింది. నవ్వు ఆపి, నీళ్లలోకి దిగి ఆ మూట అందుకున్నాను.

ఆడవాళ్లు వెళ్లిపోయాక అన్న నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "నీ పటంలో ఆ గీత రవ్వంత అట్ల జరిపియ్యి మే. ఈ ఇల్లు ఎవురికన్నా అమ్మేస్తా."

కాళ్లు నీళ్లలోనే ఉన్నాయి మహానుభావుడికి. నేను తిట్టబోయేలోపే వదిన నోరు తెరిచింది.

"ఎవురి వంటింట్లోకి జరపల్ల?"