సొరంగ దారిలో వియ్యపురాళ్ళ పాట

నా పేరు చిట్టూరి నూకాలమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో రాసిపెట్టినవాళ్ళు లేరు. మాది అమలాపురం దగ్గర. ఇప్పుడు సింగపూర్‌లో, హౌగాంగ్‌లో, ఏడో అంతస్తు ఫ్లాట్‌లో నా కూతురు వెంకటలక్ష్మి, అల్లుడు సూర్యారావు గారు, మనవరాలు దీప్తితో కలిసి ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్క బ్లాకులో ఉండే రజియా తన బ్లాగులో రాస్తోంది. ఈ ఊళ్ళో ఎక్కడికి ఎలా వెళ్ళాలో, ఏం తినాలో తెలుగువాళ్ళకు చెప్పే బ్లాగు అది. మా అల్లుడు గారు బ్యాంకులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తారు. నోటి మాట సగంలో ఉండగానే లేచి వెళ్ళిపోతారు గానీ, కంప్యూటర్‌లో కనబడిందాన్ని మాత్రం చివరిదాకా చదువుతారు. పైగా అల్లుడి ఎదురుగా నిలబడి వాదించడం మా వైపు పద్ధతి కాదు. అందుకని నా వాదన ఇక్కడ చెబుతున్నాను. దారి వివరాలు చదివేవాళ్ళకు. మిగిలినదంతా ఆయనకు.

దీప్తికి పదిహేడేళ్ళు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ చదువుతోంది. కొన్ని నెలలుగా హిప్‌హాప్ అనేదాంట్లో చేరింది. రాగం ఉండదు. డప్పు దెబ్బకు సరిగ్గా పడేలా గబగబా మాటలు కట్టి అనాలి. వాళ్ళ నాన్న టీవీలో అలాంటి పాట ఒకటి చూశారు. మెడలో గొలుసులు, ఒంటి మీద సగం బట్టలు, నోటినిండా బూతులు. అది రౌడీల పాట అన్నారు. కంప్యూటర్ చదివినవాళ్ళను దేశదేశాలవాళ్ళు పిలిచి ఉద్యోగాలిస్తుంటే, ఈ పిల్ల వీధిలో తిట్లు నేర్చుకుంటోందన్నారు. తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. నా కూతురు ఇద్దరి మధ్య నలిగిపోయింది. చివరికి ఆయనే ఒక దారి చెప్పారు.

“అత్తయ్య గారూ, మీరు పెద్దవారు. ఒకసారి వెళ్ళి చూసి రండి. మర్యాదగా ఉందని మీరంటే, అక్కడివాళ్ళు దీన్ని పై పోటీకి ఎంచుకుంటే, ఒక్కసారికి ఒప్పుకుంటాను. లేదంటే ఇంతటితో సరి.”

నేను చెవులు మూసుకుని తిరిగొస్తానని ఆయన ధైర్యం. నిజం చెప్పాలంటే నేను కూడా ‘వద్దు’ అనేద్దామనే బయలుదేరాను. మోకాళ్ళ నొప్పులు ఒకవైపు, ఇంట్లో ఈ రుసరుసలు ఒకవైపు. ఒక్క మాటతో ఇల్లు చల్లబడుతుందంటే ఆ మాట అనేసి పడుకోవాలనిపించింది.

ఆదివారం పది దాటాక నేనూ రజియా బయలుదేరాం. దీప్తి ముందే వెళ్ళిపోయింది. మా బ్లాకు కింద బస్సెక్కితే కాసేపట్లో హౌగాంగ్ స్టేషను. అక్కడ ఊదా రంగు లైను రైలు ఎక్కాలి. ఆ రైలుకు డ్రైవరు ఉండడు. ముందు పెట్టెలోకి వెళ్ళి నేనే చూశాను, కిటికీ తప్ప మనిషి లేడు. మరి ఎవరు ఆపుతారని అడిగితే, “మీ అల్లుడు లాంటోళ్ళే అమ్మా, ఎక్కడనో కూసోని కంప్యూటర్ల ఆపుతరు” అంది రజియా. ఆమెది హైదరాబాద్ పాతబస్తీ. అల్లుడు గారు ఇంట్లో ఫ్యాను ఆపడం కూడా మరిచిపోతారని నాకు తెలుసు కాబట్టి దారంతా కమ్మీ వదల్లేదు. టిక్కెట్టు బాధ లేదు, కార్డు ఆనిస్తే చాలు. రెండు డాలర్ల లోపే అయింది.

మధ్యలో లిటిల్ ఇండియాలో దిగి తినడం మంచిది, ఎందుకంటే ముందుకు వెళితే పెరుగన్నం దొరకదు. ఆదివారం అక్కడ పనివాళ్ళ రద్దీ. పదకొండున్నరకు వెళ్ళినా మార్కెట్టు పక్కన తిండి కొట్లలో బల్లలన్నీ నిండిపోయాయి. ఒక్క బల్ల ఖాళీగా కనిపిస్తే కూర్చుని, దాని మీదున్న కాగితపు రుమాళ్ళ పొట్లం విప్పి ముఖం తుడుచుకున్నాను. ఇంతలో ఒకాయన పళ్ళెంతో వచ్చి నా వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ పొట్లం పెడితే బల్ల ఆయనదైనట్టట, దాన్ని చోప్ అంటారట. ఆయన బల్ల దగ్గర కూర్చుని ఆయన రుమాలుతోనే చెమట తుడుచుకున్నాను. పాపం పక్కకు జరిగి కూర్చున్నాడు. వంటాయనను అన్నం కాస్త మెత్తగా పెట్టమంటే, “ఆంటీ, ఇది ఇంటి వంట కాదు” అని తమిళంలో విసుక్కుని, మళ్ళీ తనే అడుగునున్న మెత్తటి అన్నం తీసి పెట్టాడు.

అక్కడి నుంచి ఒక్క స్టాపు వెళ్ళి ధోబీఘాట్‌లో దిగి ఎర్ర లైనుకు మారాలి. పేరు విని రేవు ఉంటుందనుకోకండి. భూమి అడుగున నడక, మెట్లు, మళ్ళీ నడక. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లిఫ్టు కోసం అడగండి, నేను అడగలేదు. ఎర్ర లైనులో మరుసటి స్టాపు సిటీ హాల్. స్టేషనులోంచే భూగర్భ దుకాణాల వరుస, చలి పెట్టేంత ఏసీ. ఆ వరుస దాటాక సముద్రం వైపు పోయే సొరంగ దారి వస్తుంది. మేం చేరేసరికి ఒంటిగంట దాటింది. నాలో ఓపిక అయిపోయింది.

అక్కడ గోడల పొడుగునా పిల్లలు. ఒకడు నేల మీద తల ఆనించి బొంగరంలా తిరుగుతున్నాడు. పడిపోతాడని నేను చెయ్యి చాపితే రజియా లాగేసింది. ఆ పిల్లలందరికీ పెద్ద హనీఫ్ అనే మలయ్ మనిషి. వారమంతా టాక్సీ నడుపుతాడు, ఆదివారం ఇక్కడ గ్రామఫోను రికార్డులు తిప్పుతాడు. నన్ను మక్‌చిక్ అన్నాడు, అంటే వాళ్ళ భాషలో పిన్నిగారు. కూర్చోవడానికి ఏమీ లేకపోతే రికార్డుల డబ్బా ఖాళీ చేసి బోర్లించాడు.

ఇదంతా ఎక్కడ పుట్టిందని అడిగాను. రౌడీల మధ్యేనా అని కూడా అడిగాను. రజియా మొహమాటపడుతూనే ఆ మాట అతనికి చేరవేసింది. అతను కోప్పడలేదు. రౌడీల మధ్యనే అన్నాడు. అమెరికాలో న్యూయార్క్ అనే ఊళ్ళో నల్లవాళ్ళు, దీవుల నుంచి వలసవచ్చినవాళ్ళు ఉండే పేటలు తగలబడిపోయాయట. పని లేదు, బడిలో సంగీతం నేర్పేవాళ్ళు లేరు, వీధికో ముఠా. అక్కడి కుర్రాళ్ళు వాయిద్యాలు కొనలేక, ఇంట్లో ఉన్న రికార్డులు రెండు పక్కపక్కన పెట్టి, పాటలో వట్టి డప్పు మోగే చోటునే మళ్ళీమళ్ళీ తిప్పారట. ఆ డప్పుకు కొందరు గంతులేశారు, కొందరు మాటలు కట్టారు, గోడల మీద రంగులతో పేర్లు రాసినవాళ్ళు కొందరు. కత్తులు తీసే చోట మాటలు తీశారు.

“మా చిన్నప్పుడు మాకు వీడియో టేపులే గురువులు, మక్‌చిక్. అట్టపెట్టెలు పరుచుకుని చేస్తుంటే పోలీసులొచ్చి లేపేసేవాళ్ళు. గొలుసుల పాటలు తరవాత వచ్చాయి, వ్యాపారం వచ్చాక” అన్నాడు. టీవీవాళ్ళు వాటినే చూపిస్తారట.

తరవాత మాటల పోటీ మొదలైంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు వెక్కిరించుకోవాలి. బాగా అన్నవాళ్ళను పై పోటీకి ఎంచుకుంటారు. దీప్తికి ఎదురు వచ్చినవాడు జుట్టు ముళ్ళలా నిలబెట్టుకున్న చైనా కుర్రాడు. వాడు ఏమంటున్నాడో రజియా నా చెవిలో చెబుతోంది. ఈ పిల్ల జడ నూనె వాసనకు రైలు మొత్తం వడలు అడుగుతోందట. కంప్యూటర్ చూసి చూసి వాళ్ళ నాన్న కళ్ళు నలుచదరమైపోయాయట. అదుగో టిక్కెట్లు తనిఖీ చేసేదానిలా కూర్చుంది వాళ్ళ అమ్మమ్మట. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఎందుకంటే ఇది నాకు తెలుసు. మా వైపు పెళ్ళిళ్ళలో బంతి భోజనాల దగ్గర ఆడపిల్లవాళ్ళం వరుస కట్టి వియ్యపురాలి మీద పాడతాం. ముక్కు మీద, కొప్పు మీద, నడక మీద, ఆమె తినే లడ్డూల మీద. పోయినవాళ్ళ మీద పాడకూడదు, లేమి మీద పాడకూడదు. కోపం తెచ్చుకున్నవాళ్ళు ఓడినట్టు.

దీప్తి మొదటి వంతు బాగానే చెప్పింది. రెండో వంతులో మధ్యలో నా వైపు చూసి ఆగిపోయింది. డప్పు మోగుతూనే ఉంది, మాట లేదు. మా పాటలో పిల్ల నోరు ఆగితే పక్కనున్న పెద్దది అందుకోవాలి. వంతు ఖాళీగా పోనిస్తే పెళ్ళివారందరికీ తలవంపు. ఇక్కడ పెళ్ళివారు లేరనే సంగతి నాకు తట్టలేదు. డబ్బా మీద నుంచి లేచి, చప్పట్లు కొట్టి అందుకున్నాను.

“నూనె పెట్టిన జడే మాది, నున్నగ ఉంటాది
నూనె లేని నెత్తి నీది గూడై ఉంటాది
పిట్టలొచ్చి గుడ్లు పెడితే పిలవకురో నన్ను!”

కొందరు చప్పట్లు కొట్టారు. హనీఫ్ డప్పు తగ్గించాడు. నా దగ్గరికి వచ్చి ఏదో మెల్లగా చెప్పాడు.

“అమ్మా, మంచిగ పాడిన్రు అంటుండు. కాని ఈడ ఎవరి నోరు వాళ్ళదే అట. పక్కోళ్ళు అందిస్తే ఓడినట్టే అట” అంది రజియా, నా ముఖం చూడకుండా.

దీప్తి మైకు ఇచ్చేసి ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని ఊపింది. వాడు నేను పాడిందేమిటో రజియాతో చెప్పించుకుని, జుట్టు తడుముకుని నవ్వాడు. పై పోటీకి మాత్రం వాడే వెళ్ళాడు.

అయిదింటికి తిరుగు ప్రయాణం. మెట్లెక్కే శక్తి లేక టాక్సీ అన్నాను. హనీఫ్ తన బండిలోనే తెచ్చాడు, మీటరు వేయమన్నా వేయలేదు. మామూలుగా అయితే పదిహేను డాలర్ల దాకా అవుతుంది. ఓడినవాళ్ళకు వచ్చే నెల ఇంకొకసారి ఎంపిక ఉంటుందని దారిలో చెప్పాడు. దీప్తి కిటికీలోంచి బయటికే చూస్తోంది. సెరంగూన్ దాటాక, మాట చివర ఈ ఊరి పిల్లల్లా ‘లా’ తగిలించి అంది.

“ఇంకో రెండు సెకన్లుంటే లైన్ దొరికేదేమో అమ్మమ్మా. దొరక్కపోయేదేమో. ఇప్పుడిక తెలీదు కదా లా.”

అంతే. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇంటికి వచ్చాక అల్లుడు గారు అడిగింది ఒక్కటే, ఎంచుకున్నారా అని. లేదు అంది దీప్తి. “సరే అయితే” అని ఆయన లేచారు. నేను నోరు తెరిచేలోగా గది తలుపు పడింది.

అల్లుడు గారూ, ఇప్పుడు చదవండి. అక్కడ మర్యాదగా ఉందా అని అడిగారు. లేదు. తిట్లున్నాయి. మీ పెళ్ళిలో మీ అమ్మగారి మీద నేను పాడినవాటి కంటే తక్కువే. ఆవిడ ఒక్క మాటకు కూడా ముఖం ముడుచుకోలేదు, తిరిగి నాకు రెండు అంటించింది. మీరు బంతిలో నవ్వుతూ కూర్చున్నారు. ఆ రోజు నేనూ ఆవిడా అన్నీ పాటలోనే అనేసుకున్నాం, తరవాత ఇన్నేళ్ళలో మాకు తగవు రాలేదు. ఆ న్యూయార్క్ పిల్లలు చేసిందీ అదేనని నాకు అర్థమైంది. పాటలో అనేస్తే చెయ్యి లేవక్కర్లేదు. మన ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాటా అనడం లేదు, అన్నం గొంతు దిగడం లేదు. చదువు సంగతి నాకు తెలియదు, దాని గురించి మీరూ అదీ మాట్లాడుకోండి. కానీ ఆదివారం ఓడింది అది కాదు, నేను. నా ఓటమి దాని ఖాతాలో రాయకండి. వచ్చే నెల ఎంపికకు దాన్ని పంపండి. ఓడితే ఓడనివ్వండి, దాని నోటితో అది ఓడాలి. నేను రాను. నాకు ఓపిక లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సంగతి. ఆ సొరంగ దారిలో బెంచీలు లేవు, మడత స్టూలు పట్టుకెళ్ళండి. మీ పిల్లల వంతు అయ్యేదాకా దాని మీద నుంచి లేవకండి.

చిట్టూరి నూకాలమ్మ బొటనవేలి గుర్తు. (రజియా కాటుక అద్ది కాగితం మీద వేయించి, ఫోటో తీసి కింద పెట్టింది.)

సాక్షులు:
రజియా బేగం, రాసినది.
దీప్తి. తెలుగు చదవడం రాదు. రజియా చదవగా మొత్తం విని, సంతకం చేసింది.